టర్నిప్ రకాలు: రంగు చూసి కాదు, గడువు చూసి ఎంచుకోవాలి

టర్నిప్ విత్తనాల పొట్లాల మీద దాదాపు ఎప్పుడూ ఒకే బొమ్మ కనిపిస్తుంది. పైన ఊదా రంగు, కింద తెలుపు, నున్నగా మెరిసే గుండ్రటి దుంప. పొట్లం తిప్పితే వెనక చిన్న అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది: 38 రోజులు, 55 రోజులు, 90 రోజులు. కొనేవాళ్ళలో చాలామంది బొమ్మ దగ్గరే ఆగిపోతారు. అసలు సంగతి వెనకున్న అంకెలో ఉంది. దుంప ఎంత లేతగా ఉంటుంది, ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది, గడ్డకట్టే చలిని తట్టుకుంటుందా, పచ్చిగా కొరుక్కు తినే రకమా లేక పశువుల మేతకు పనికొచ్చేదా అన్నది చాలావరకు ఆ అంకెను బట్టే చెప్పవచ్చు. టర్నిప్‌లో రకం అంటే ముందు గడువు. రంగూ ఆకారమూ ఆ తర్వాతే.

ఇలా ఎందుకో తెలియాలంటే ఒక దుంపను అడ్డంగా కోసి చూడాలి. అంచుకు కొద్ది మిల్లీమీటర్ల లోపల సన్నని గీతలా ఒక వలయం కనిపిస్తుంది. దానికి వెలుపల ఉన్నది తొక్క, లోపల ఉన్నది కండ. క్యారెట్‌లో తీపి, రంగు ఎక్కువగా వలయానికి బయటి భాగంలో ఉంటాయి, నడిమి కాడ కాస్త చప్పగా ఉంటుంది. టర్నిప్‌లో వ్యవహారం దీనికి తిరగబడింది. ఇక్కడ ఊరేది వలయం లోపలి దారువు, అంటే చెట్లలో కలపగా మారే కణజాలమే. లేత వయసులో ఆ కణాలు పల్చటి గోడలతో, నిండా నీళ్ళతో ఉంటాయి. రోజులు గడిచే కొద్దీ వాటి మధ్యనున్న నీటి గొట్టాల గోడల్లో లిగ్నిన్ అనే గట్టి పదార్థం చేరి పీచు కడుతుంది. ముల్లంగి బెండు పట్టినట్టే టర్నిప్ కూడా ముదిరితే బెండు పడుతుంది, లేదా పీచుబారుతుంది. కాబట్టి ప్రతి రకానికీ తినదగిన దశ కొన్నాళ్ళే. కొన్నిటికి అది వారం, కొన్నిటికి రెండు నెలలు.

మరో విషయం కూడా ఆ కోతలోనే తెలుస్తుంది. దుంప అనుకుంటున్న దానిలో అసలు వేరు భాగం తక్కువ. వేరుకూ మొలక ఆకులకూ మధ్యనున్న పొట్టి కాడే ప్రధానంగా ఉబ్బుతుంది, దాని కింద వేరు పైభాగం కలుస్తుంది. అందుకే టర్నిప్ నేలలో పాతుకుపోయినట్టు కాక నేల మీద కూర్చున్నట్టు ఉంటుంది. నేల పైకి తేలి ఎండ తగిలిన మేరకు ఊదా రంగో ఆకుపచ్చో వస్తుంది, మట్టిలో ఉన్న మేరకు తెల్లగా ఉండిపోతుంది. పెరట్లో ఊదా రకం దుంపల చుట్టూ మట్టి ఎగదోస్తే రంగు గీత పైకి జరగడం కళ్ళారా చూడవచ్చు. బొమ్మలో అంతగా ఆకట్టుకునే ఆ రెండు రంగుల హద్దు నేలమట్టపు గుర్తు మాత్రమే. రుచికి దానితో సంబంధం లేదు.

త్వరగా వచ్చే రకాల్లో ఇప్పుడు బాగా పేరున్నవి జపాన్ హైబ్రిడ్‌లు. హకురెయ్ తెల్లగా, కాస్త బల్లపరుపుగా, 38 నుంచి 40 రోజుల్లో చేతికొస్తుంది. 4, 5 సెంటీమీటర్ల అడ్డుకొలత రాగానే పీకేస్తే తొక్క తీయకుండా పచ్చిగానే తినవచ్చు. ఆకులు కూడా నూగు లేకుండా నున్నగా ఉంటాయి. టోక్యో క్రాస్ దీనికంటే పాతది. కొత్త విత్తన రకాలను పరీక్షించి మెచ్చే ఆల్ అమెరికా సెలెక్షన్స్ అనే సంస్థ గుర్తింపు 1969లో పొందింది, 35 రోజులకే కోతకు వస్తుంది. దానికి ముందు 1960లో అదే గుర్తింపు జస్ట్ రైట్ అనే మరో తెల్ల హైబ్రిడ్‌కు దక్కింది. పాత పరపరాగ రకాల్లో, అంటే హైబ్రిడ్ కాని వాటిలో, స్నోబాల్, ఊదా తలతో చపటగా ఉండే మిలాన్ ఈ వర్గంలోనివే. వీటన్నిటికీ ఉమ్మడి గుణం ఒకటే. తొందరగా ఊరతాయి, తొందరగానే పాడవుతాయి. నీరు ఎక్కువ, కండ మెత్తన. పీకాల్సిన రోజు దాటి వారం వదిలేస్తే లోపల గుల్లబారుతాయి. అందుకని పొట్లం మొత్తం ఒకేరోజు చల్లేయడం కంటే పది పన్నెండు రోజులకొక సాలు చొప్పున విత్తుకుంటే మేలు. గ్రాముకు 300 నుంచి 500 గింజలు తూగే చిన్న విత్తనం ఇది. ఒక ఇంటి మడికి ఒక్కో దఫా అర గ్రాము చాలు.

త్వరితం అన్న మాట చూసి ఏ కాలంలోనైనా వేసేయవచ్చు అనుకుంటేనే దెబ్బ తింటారు. టర్నిప్‌కు 10 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య వాతావరణం హాయి. ఎండ ముదిరితే పెరుగుదల కుంటుపడి ఘాటు పెరుగుతుంది, పీచు ముందే కడుతుంది. చలి ఎక్కువైతే ఇంకో చిక్కు. ఈ జాతి మొలకెత్తే గింజ దశ నుంచే చలిని లెక్కపెట్టుకుంటుంది. 10 డిగ్రీల లోపు వాతావరణం కొన్ని వారాలు తగిలితే చాలు, శీతాకాలం గడిచిపోయిందని మొక్క అనుకుంటుంది. ఆ పైన పగళ్ళు పొడుగవగానే దుంప ఊరడం ఆపి పూత కాడ వేసేస్తుంది. క్యాబేజీకి ఈ చలి లెక్క మొదలవ్వాలంటే మొక్క కొంత ఎదగాలి. టర్నిప్‌కు ఆ నియమం లేదు. మిలాన్ వంటి తొలి రకాలకు ఈ తొందర మరీ ఎక్కువ. చలి ఇంకా విడవకముందే విత్తితే దుంప కంటే ముందు పసుపు పూలు కనిపిస్తాయి. చలి తగ్గి ఎండ పెరిగే కాలంలో విత్తే పంటకు పూతకు తొందరపడని రకాన్ని వెతుక్కోవాలి. ఎండ తగ్గి చలి పెరిగే కాలంలో విత్తేదానికి ఈ బెంగ తక్కువ, పైగా దుంప చల్లదనంలో పూర్తవుతుంది కాబట్టి తీపి నిలుస్తుంది. అదను సరిగ్గా పట్టుకుంటే సాధారణ రకం కూడా బాగుంటుంది. అదను తప్పితే ఖరీదైన హైబ్రిడ్ కూడా చేదెక్కుతుంది.

మధ్య గడువు రకాల్లో పర్పుల్ టాప్ వైట్ గ్లోబ్‌ను మించిన పేరు లేదు. 19వ శతాబ్దం నుంచీ సాగులో ఉంది. 50 నుంచి 60 రోజులు పడుతుంది. కొత్త రకాల మోజులో దీన్ని చిన్నచూపు చూడటం అన్యాయం. ఇది పెరటికీ పొలానికీ రెంటికీ సరిపోయే అరుదైన రకం. 7, 8 సెంటీమీటర్ల దగ్గర పీకితే వంటకు, వదిలేస్తే పెరిగి పెద్దదై పశువుకు, ఆకులు కోసుకుంటే కూరకు. పొలంలో ఖాళీ కాలంలో నేలను కప్పి ఉంచడానికి కూడా దీన్నే చల్లుతారు. అయితే ఏ పనికీ అత్యుత్తమం కాదు. పచ్చిగా తినడానికి హకురెయ్ అంత మెత్తన లేదు, నిలవకు పసుపు రకాల సత్తా లేదు. ఒకే పొట్లం కొనగలిగిన మనిషికి మాత్రం ఇదే సరైనది. దీన్ని పలచన చేయడంలో బద్ధకిస్తే అంతా వృథా. మొక్కకూ మొక్కకూ 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడం లేకపోతే ఆకు గుబురుగా పెరుగుతుంది తప్ప కింద తోకలే మిగులుతాయి. లేత రకాలకు 5 సెంటీమీటర్లు చాలు. నత్రజని ఎక్కువైనా ఇదే గతి, మడి పచ్చగా కళకళలాడుతుంది, పీకి చూస్తే ఏమీ ఉండదు.

పసుపు కండ రకాలతో కథ నెమ్మదిస్తుంది, గట్టిపడుతుంది. గోల్డెన్ బాల్ 19వ శతాబ్దపు బ్రిటన్‌లో ప్రాచుర్యం పొందిన పెరటి రకం. రెండు నెలలు దాటాక గాని సిద్ధం కాదు. కండ లేత బంగారు రంగులో, చిక్కగా, తియ్యగా ఉంటుంది, పెద్దదైనా తొందరగా పీచుబారదు. పొలం రకాల్లో దీనికి బంధువుల్లాంటివి అబర్డీన్ పేరుతో వచ్చిన పసుపు టర్నిప్‌లు, ఆకుపచ్చ తలవి, ఊదా తలవి. చలిదేశాల రైతులు ఈ తేడాను ఎంత తెలివిగా వాడుకున్నారో చూస్తే ముచ్చటేస్తుంది. స్కాట్లాండ్, ఇంగ్లండ్ పొలాల్లో తెల్ల కండ దుంపలను చలికాలం మొదట్లోనే మేపేసేవారు, ఎందుకంటే గడ్డకట్టే చలికి అవి ముందే కుళ్ళుతాయి. నడి చలికాలానికి పసుపు దుంపలు. అన్నిటికంటే చివర, వసంతం దాకా, స్వీడ్‌లు. నీరు ఎక్కువున్న దుంప ముందు, గట్టి దుంప వెనక. పశువుల మేత కాలపట్టికను రకాల గడువులతోనే రాసుకున్నారన్నమాట.

స్వీడ్ అనగానే ఒక పెద్ద గందరగోళాన్ని విప్పాలి. రుటబాగా అని కూడా పిలిచే ఈ దుంపను చాలాచోట్ల టర్నిప్ అనే అంటారు. అసలు టర్నిప్ బ్రాసికా రాపా జాతి, 20 క్రోమోజోములు. స్వీడ్ బ్రాసికా నేపస్, 38 క్రోమోజోములు. ఈ లెక్క వెనకున్న బంధుత్వాన్ని 1935లో ఊ జాంగ్ చూన్ అనే శాస్త్రవేత్త తేల్చారు. కొరియన్ తండ్రికి జపాన్‌లో పుట్టిన ఆయన, టర్నిప్ జాతి 20, క్యాబేజీ జాతి 18 కలిసి 38 క్రోమోజోముల కొత్త జాతి ఏర్పడిందని చూపారు. అంటే స్వీడ్ టర్నిప్‌లో ఒక రకం కాదు, టర్నిప్ వైపు నుంచీ క్యాబేజీ వైపు నుంచీ వచ్చిన సంతానం. గడువు కూడా వేరు, నాలుగైదు నెలలు తీసుకుంటుంది. తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. టర్నిప్ ఆకు పచ్చటి ఆకుపచ్చ, చాలా రకాల్లో గరుకు, నూగు ఉంటుంది, ఆకులన్నీ దుంప నెత్తి మీద ఒకే చోటు నుంచి లేస్తాయి. స్వీడ్ ఆకు క్యాబేజీ ఆకులా నీలిమందు కలిపినట్టు, మైనం పూసినట్టు ఉంటుంది. దుంపకూ ఆకులకూ మధ్య మెడలాంటి భాగం, దాని మీద రాలిన ఆకుల మచ్చలు వరుసగా కనిపిస్తాయి. విత్తనం కొన్నప్పుడు ఇది ముఖ్యం. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం 2016లో తన అధికారిక కూరగాయగా ప్రకటించిన గిల్‌ఫెదర్ టర్నిప్ పేరుకే టర్నిప్, జాతి ప్రకారం రుటబాగా. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో 1916-17 చలికాలాన జర్మనీ ప్రజలు బంగాళాదుంపలు కరువై దుంపల మీద బతికిన ఘట్టాన్ని టర్నిప్ చలికాలం అని అనువదిస్తుంటారు. వాళ్ళు తిన్నవి కూడా స్వీడ్‌లే. నలభై రోజుల పంట అనుకుని స్వీడ్ విత్తినవాడికి, స్వీడ్ అనుకుని టర్నిప్‌ను నేలలో అయిదు నెలలు వదిలేసినవాడికి నష్టం ఒకటే.

కొన్ని రకాలు గడువుకు తోడు నేలకు కూడా కట్టుబడి ఉంటాయి. జర్మనీలో బెర్లిన్ దగ్గరి టెల్టోలో పండే టెల్టో దుంప వేలెడంత, ముల్లంగిలా కోసుగా ఉంటుంది. అక్కడి తేలికపాటి ఇసుక నేలే దాని రుచికి పేరు. మహాకవి గొథే వైమార్‌కు తెప్పించుకుని తినేవాడు. బరువైన, ఎరువు దండిగా ఉన్న నేలలో అదే విత్తనం వేస్తే పరిమాణం పెరుగుతుంది, ఆ చిక్కదనం పోతుంది. ఇలాంటి రకాన్ని తెచ్చుకునే ముందు విత్తనం దొరుకుతుందా అన్నదానికంటే నేల కలుస్తుందా అన్నది చూసుకోవాలి.

ఈ సంగతిలో జపాన్ ఒక పాఠశాల. క్యోటో వైపు షోగొయిన్ టర్నిప్ పంట కాలమంతా నీళ్ళు, బలం పెట్టి పెంచితే 2 నుంచి 5 కిలోల దాకా తూగే తెల్లటి గోళం. షిగా ప్రాంతపు హినోనా సన్నగా పొడుగ్గా, తల ఊదాగా, కింద తెల్లగా, ముల్లంగేమో అనిపించేలా ఉంటుంది. ఉత్తరాన త్సురువొకా కొండల్లో అత్సుమి ఎర్ర టర్నిప్‌ను ఇప్పటికీ పోడు చేసి కాల్చిన వాలు నేలల్లో చల్లుతారు. ఇంత వైవిధ్యం ఎలా వచ్చిందంటే ఆ దీవులకు టర్నిప్ రెండు దారుల్లో చేరింది. వృక్షశాస్త్రవేత్త నకావో ససుకే జపాన్ నడుమ ఒక గీత గీసి దానికి టర్నిప్ పేరే పెట్టారు. ఆ గీతకు పడమర ఎక్కువగా తూర్పు ఆసియా తరహా, ఆకు నున్నన. తూర్పున యూరప్ తరహాకు దగ్గరివి, ఆకుకు నూగు, చలికి ఓర్పు. విత్తనం పైపొర నిర్మాణంలో కూడా ఈ తేడా కనిపిస్తుంది. ఒక కూరగాయ ప్రయాణించిన బాట దాని గింజ తోలు మీద మిగిలి ఉండటం నిజంగా అబ్బురం.

ఆసియా తరహా, యూరప్ తరహా అన్న ఈ విభజన పంట పండించేవాడికి కూడా నేరుగా అక్కరకొస్తుంది. యూరప్ రకాలు రుచిగా ఉంటాయి గాని, వాటికి విత్తనం కట్టాలంటే గట్టి చలి కావాలి. ఆసియా రకాలకు ఘాటు కొంచెం ఎక్కువ, కాని వేడికి ఓర్చుకుంటాయి, తక్కువ చలితోనే పూసి గింజ కడతాయి. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ రెండు వర్గాలను కలిపి రకాలు తీసింది. జపనీస్ వైట్, స్నోబాల్ కలయిక పూసా చంద్రిమ. జపనీస్ వైట్, గోల్డెన్ బాల్ కలయిక పూసా స్వర్ణిమ. ఎర్ర తొక్క ఆసియా రకాన్ని గోల్డెన్ బాల్‌తో కలిపితే వచ్చింది పూసా కాంచన్, పైన ఎరుపు, లోపల లేత పసుపు కండ. పూసా శ్వేతి మాత్రం తెల్లటి ఆసియా తరహా, 40 నుంచి 45 రోజుల్లో వస్తుంది. ఈ జాబితాలో గోల్డెన్ బాల్ రెండుసార్లు రావడం గమనించాలి. చిక్కటి కండ, ఆలస్యంగా పీచుబారే గుణం కోసమే దాన్ని పదేపదే పిలుస్తారు.

ఆకు కోసమే పెంచే రకాల గురించి తక్కువ మంది మాట్లాడతారు, పోషకాల లెక్కలో చూస్తే దుంప కంటే ఆకే గొప్పది. 100 గ్రాముల పచ్చి దుంపలో సుమారు 21 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటే, అంతే ఆకులో 60 ఉంటుంది. కాల్షియం ఆకులో 190 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, పైగా కాల్షియాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్ తక్కువ కాబట్టి అది ఒంటికి పడుతుంది. సెవెన్ టాప్ అనే అమెరికా పాత రకం కేవలం ఆకుకే, దాని వేరు కర్ర. జపాన్‌లో నొజావానా, స్పెయిన్‌లోని గలీషియాలో పూత కాడలతో కలిపి కోసే గ్రెలోస్ ఇదే కోవ. బ్రాసికా రాపా చిత్రమైన జాతి. చైనా క్యాబేజీ, పాక్ చోయ్, మిజునా, నూనె గింజల కోసం వేసే పసుపు ఆవ, అన్నీ దుంప ఊరని టర్నిప్‌లే అనవచ్చు, లేదా టర్నిప్పే దుంప ఊరిన ఆకుకూర అనవచ్చు.

ఇక పొలం. ఇంగ్లండ్‌లో నార్ఫోక్ నాలుగు పంటల మార్పిడి పేరు చెబితే గోధుమ, టర్నిప్, బార్లీ, క్లోవర్ అనే మేత మొక్క వరుసగా గుర్తొస్తాయి. 1730లో రాజకీయాలు విడిచి సొంత ఊరు రేనమ్ చేరిన చార్లెస్ టౌన్‌షెండ్‌కు టర్నిప్ టౌన్‌షెండ్ అని పేరే పడింది. టర్నిప్‌ను మేతగా ఆయనే తెచ్చాడని చెప్పడం సరికాదు, 17వ శతాబ్దంలోనే నార్ఫోక్ రైతులు పశువులకు పండిస్తున్నారు. ఆయన దాన్ని పెద్ద ఎత్తున చేసి పదిమందికీ చూపించాడు. ఈ పంట వల్ల మూడు పనులు ఒకేసారి జరిగాయి. సాళ్ళలో విత్తి మధ్యలో దంతి తోలడంతో కలుపు పోయింది, కాబట్టి భూమిని బీడు వదలక్కర్లేకపోయింది. చలికాలం మేత లేక పశువులను తెగనమ్మే అవసరం తగ్గింది. గొర్రెలను పొలంలోనే మందవేసి దుంపలు మేపితే వాటి ఎరువు తర్వాతి బార్లీకి బలమిచ్చింది. ఆ కాలంలో రైతు ఎంచుకున్నది రుచిని కాదు, దుంప ఎన్ని రోజులు పొలంలో నిలబడుతుందన్న దాన్ని.

నేటి మేత రకాల్లో కూడా లెక్క ఇదే, ఇంకా నిశితంగా. బార్కాంట్ 60 నుంచి 90 రోజుల్లో మేపుకు వస్తుంది, పొడుగాటి లోటాలాంటి ఊదా దుంప, సగం నేల పైనే ఉంటుంది. గ్రీన్ గ్లోబ్, యార్క్ గ్లోబ్ వంటివి మూడు, నాలుగు నెలలు తీసుకుని పెద్ద దుంప ఇస్తాయి. యాపిన్ ఆకు ఎక్కువగా, చిన్న దుంపతో ఉంటుంది, ఆ దుంప నేలను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి పశువు ఆకు లాగితే మొక్క ఊడిరాదు, మళ్ళీ చిగురిస్తుంది. టైఫాన్ టర్నిప్‌కూ చైనా క్యాబేజీకీ పుట్టింది, దాదాపు పూర్తిగా ఆకు మేత. ఇక్కడే నేల పైకి ఎంత తేలుతుందన్న గుణం, పెరట్లో అలంకారంగా కనిపించేది, ప్రాణప్రదమవుతుంది. పైకి తేలిన దుంపను పశువు సులువుగా కొరికి పెకలించుకుంటుంది, తక్కువ వృథా. కాని గడ్డకట్టే చలి ముందుగా దెబ్బ తీసేది కూడా దాన్నే. మట్టిలో మునిగిన దుంపకు రక్షణ ఎక్కువ, మేసేటప్పుడు సగం మట్టిలోనే మిగిలిపోతుంది. ఒకే మేపుతో ముగించాలంటే దుంప రకం, తిరిగి తిరిగి మేపాలంటే ఆకు రకం. ఆకు రకాన్ని నేలమట్టానికి మేపేస్తే మళ్ళీ చిగురు రాదు, ఓ జానెడు మోడు ఉంచాలి.

మేతగా వాడేవారు జాగ్రత్తపడాల్సిన చోటు ఇది. టర్నిప్‌లో 90 శాతం పైగా నీరు, పీచు తక్కువ, జీర్ణం త్వరగా అవుతుంది. ఆకలితో ఉన్న మందను ఒక్కసారిగా వదిలితే కడుపు ఉబ్బుతుంది. వారం పది రోజులపాటు మెల్లగా అలవాటు చేయాలి, పక్కన ఎండుగడ్డి ఉండాలి, మేతలో మూడింట రెండు వంతులకు మించకుండా చూడాలి. ఈ జాతి మొక్కల్లోని గంధకపు సమ్మేళనాలు మితిమీరితే ఎర్ర రక్తకణాలు దెబ్బతిని రక్తహీనత వస్తుంది, థైరాయిడ్ గ్రంథి వాస్తుంది. ముదిరి పూతకొచ్చిన పంటలో ఆ ప్రమాదం ఎక్కువ. పాలిచ్చే పశువుకు పాలు పితికే ముందు కాక తర్వాత మేపితే పాలకు వాసన పట్టదు. దుంపను కొరికితే తగిలే ఘాటు కూడా ఆ సమ్మేళనాల నుంచే. మనుషుల్లో కొందరి నాలుకకు అది భరించలేని చేదు, మరికొందరికి పట్టనే పట్టదు. చేదును పసిగట్టే ఒక జన్యువు ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా ఉంటుంది. కాబట్టి పిల్లలు టర్నిప్ చేదని మారాం చేస్తే వారికి నిజంగానే చేదుగా ఉండి ఉండవచ్చు.

తెగుళ్ళలో ఒకదాన్ని మాత్రం ఆగి చెప్పుకోవాలి, అది రకాల కథలో భాగం. క్లబ్ రూట్ సోకితే వేళ్ళు గదల్లా ఉబ్బి కుళ్ళుతాయి. దాన్ని కలిగించే సూక్ష్మజీవిని 1878లో రష్యా శాస్త్రవేత్త మిఖాయిల్ వొరోనిన్ వర్ణించారు. దాని బీజాలు నేలలో పదిహేను, ఇరవై ఏళ్ళు కూడా నిద్రపోతాయి. సున్నం వేసి నేల పీహెచ్‌ను 7.2 దాకా పెంచడం, నీరు నిలవకుండా చూడటం, అదే మడిలో ఆవ కుటుంబపు పంటలు వరసగా వేయకపోవడం తప్ప గట్టి మందు లేదు. యూరప్ మేత టర్నిప్‌లు కొన్నిటికి దీన్ని తట్టుకునే శక్తి సహజంగా ఉంది. సిలోగా, గెల్రియా, డెబ్రా, మిలాన్ వైట్ వంటి రకాల్లోని ఆ జన్యువులను జపాన్ పరిశోధకులు చైనా క్యాబేజీలోకి ఎక్కించారు. ఈ రోజు మార్కెట్లో క్లబ్ రూట్ తట్టుకునే చైనా క్యాబేజీ అని అమ్మేదాని వెనక, ఎవరూ వంటకు ముట్టని ఒక పశువుల మేత దుంప ఉంది. పాత మేత రకాలు సాగులోంచి జారిపోతుంటే పట్టించుకోకపోవడం ఎంత పొరపాటో ఈ ఒక్క ఉదంతం చాలు చెప్పడానికి.

మిగతా బాధలు చిన్నవి. మొలకెత్తిన వారంలో మొలక ఆకులకు సూది గుచ్చినట్టు చిల్లులు పడితే దూకే చిన్న పెంకు పురుగులు వచ్చాయని అర్థం, సన్నటి వలగుడ్డ కప్పాలి, పదును ఆరనీయకూడదు. దుంప పైకి బాగుండి కోస్తే నడుమ గోధుమరంగు నీటి మచ్చలుంటే బోరాన్ లోపం. క్లబ్ రూట్ కోసం సున్నం ఎక్కువ వేసిన నేలల్లో ఇది తరచు. నీళ్ళు ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచితే దుంపలు పగులుతాయి, తొందరగా ఊరే రకాల్లో మరీను.

నిలవ సంగతి కూడా గడువు మీదే నడుస్తుంది. పీకగానే ఆకు తుంచేయాలి, లేకపోతే దుంపలోని నీటిని అదే తాగేస్తుంది. నెత్తి మీద ఒక సెంటీమీటరు మోడు ఉంచితే కోత గాయం దుంపలోకి దిగదు. సున్నా డిగ్రీల దగ్గర, బాగా తేమగా ఉంచితే ఆకు తీసిన దుంపలు నాలుగైదు నెలలు ఉంటాయి, ఆకుతో కట్టలు కట్టినవి రెండు వారాలు కూడా కష్టం. ఇది గట్టి రకాల మాట. హకురెయ్ లాంటి లేత రకాలను దాచాలనుకోవడమే పొరపాటు, అవి పీకిన వారంలో తినడానికి పుట్టినవి.

ఎవరికైనా ఒక రకం బాగా నచ్చి విత్తనం దాచుకోవాలనిపిస్తే ముందు ఆ పొట్లం మీద ఎఫ్ 1 అని, అంటే మొదటి తరం హైబ్రిడ్ అని, ఉందేమో చూడాలి. ఉంటే దాని గింజల నుంచి అదే దుంప రాదు. పరపరాగ రకమైతే చుట్టుపక్కల ఏం పూస్తోందో గమనించాలి. టర్నిప్ పువ్వు తన పుప్పొడిని తానే తిరస్కరిస్తుంది, తేనెటీగలు పక్క మొక్క నుంచి తేవాల్సిందే. అవి కిలోమీటరు దూరంలోని చైనా క్యాబేజీ నుంచో, పసుపు ఆవ చేను నుంచో కూడా తెస్తాయి. అందుకని విత్తన పంటకు కనీసం కిలోమీటరు, కుదిరితే కిలోమీటరున్నర ఎడం పాటిస్తారు. ఇంకో మాట. విత్తనానికి మొక్కలను పెరిగినచోటే వదిలేస్తే అందరికంటే ముందు పూసినవే ఎక్కువ గింజ రాలుస్తాయి. నాలుగు తరాలు తిరిగేసరికి దుంప ఊరకముందే పూతకొచ్చే రకం తయారవుతుంది. దుంపలు పూర్తిగా ఊరాక అన్నిటినీ పీకి పరుచుకుని, ఆకారం సరిగ్గా ఉన్నవి, తోక సన్నగా ఉన్నవి, పగుళ్ళు లేనివి ఓ ఇరవై ముప్ఫై ఏరి, ఆకును పొట్టిగా కత్తిరించి, నెత్తి నేలమట్టానికి వచ్చేలా దగ్గర దగ్గరగా తిరిగి నాటాలి. పూత కాడలు నడుము ఎత్తు దాటుతాయి, వాలిపోకుండా కర్రలు పాతి కట్టాలి. కింది కాయలు ఎండి గలగలమంటుంటే పై కొనలో ఇంకా పూలుంటాయి. కాయలు సగానికి పైగా పసుపు తిరిగినప్పుడు పొద్దున్నే మంచు ఆరకముందు కొమ్మలు కోసి బట్ట మీద ఆరబెట్టాలి, ఎండ ఎక్కాక ముట్టుకుంటే కాయలు చిట్లి గింజలు నేలపాలవుతాయి. పొడిగా, చల్లగా దాచిన గింజ నాలుగైదేళ్ళు మొలుస్తుంది.